ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చవచ్చునా?

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో చెరువులు లేని పల్లెలు అరుదు. చెరువు గల ఊరిలో పుట్టిన పిల్లలకు నీటి లెక్కలు ఒకరు నేర్పవలసిన పని లేదు. కట్ట యెంత యెత్తు, తూము ఎంత వెడల్పు, నీరుగంటి ఏ మడికి ఏ పూట నీరు విడుచును అను సంగతులు వారికి పుట్టుకతో తెలిసినట్లే యుండును. నేటి మన పాఠము కంప్యూటరును గూర్చినది. అయినను చెరువు తెలిసినవారికి ఈ పాఠము కష్టము కాదని మా నమ్మకము. విద్యార్థులు కాగితము, పెన్సిలు దగ్గర నుంచుకొని, లెక్క వచ్చినచోట తామును వేసి చూచుకొనవలెను.

ఈ పాఠము వ్రాయుటకు కారణమైన సంగతిని మొదట చెప్పెదము. 2023వ సంవత్సరము వేసవిలో ఒక రైతు మా యొద్దకు వచ్చెను. ఆయన కుమార్తె పదవ తరగతి వరకు తెలుగున చదివి, పిదప పాలిటెక్నిక్‌లో చేరిన పూర్వ విద్యార్థిని. ఇంటివారు ఆమెకు ఒక పాత ల్యాప్‌టాప్ కొని యిచ్చియుండిరి. కళాశాలలో యంత్ర భాగములను మూడు కొలతలలో గీయు అభ్యాసము మొదలయ్యెను. కళాశాల కంప్యూటరుపై చక్కగా తిరుగు బొమ్మ, ఈమె ల్యాప్‌టాప్‌పై ఆగి ఆగి తిరుగుచుండెను. ఒక అంగడివాడు దానిని చూచి, “ఇందులో గ్రాఫిక్స్ కార్డు లేదు, పదునెనిమిది వేలిచ్చినచో వేసి యిచ్చెదను” అనెను. తండ్రి శిడ్లఘట్ట సంతలో పట్టుగూళ్ళు అమ్మిన సొమ్మును తువ్వాలలో మూటగట్టుకొని తెచ్చెను. అది కుమార్తె హాస్టలు రుసుమునకై యుంచిన సొమ్ము.

“అయ్యవారూ, ఆ కార్డేదో ఏసిస్తే పాప చదువు ముందుకు పోతాదంట. దుడ్డు ఈ పొద్దే కట్టమంటాడు. కట్టేద్దునా?” అని ఆయన అడిగెను.

“ఒక్క దినము ఆగన్నా. ముందు ఆ పెట్టె సంగతి ఏమో చూతము” అని మేము చెప్పితిమి.

ఆ ఒక్క దినమున మేము చూచినదియు, తెలిసికొన్నదియు ఈ క్రింద వివరించుచున్నాము.

గ్రాఫిక్స్ అనగా నేమి?

కంప్యూటరు తెర చుక్కలతో నిండిన జల్లెడ వంటిది. ఒక చుక్కకు పిక్సెల్ అని పేరు. సాధారణమైన తెరపై అడ్డముగా 1,920 చుక్కలును, నిలువుగా 1,080 చుక్కలును ఉండును. ఈ రెంటిని హెచ్చించినచో 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును నాలుగు బైట్లలో వ్రాసికొందురు. కనుక ఒక బొమ్మకు 82,94,400 బైట్లు కావలెను. తెర సెకనుకు 60 మారులు క్రొత్తగా వెలుగును. అనగా సెకనుకు 49,76,64,000 బైట్లు, ఇంచుమించు 50 కోట్ల బైట్లు, తెరను వెలిగించుటకే కావలెను.

ఇది తయారైన బొమ్మను చూపుటకు పట్టు ఖర్చు మాత్రమే. బొమ్మను తయారుచేయుటకు ఇంతకు అనేక రెట్లు పని కలదు. మూడు కొలతల బొమ్మను తిప్పునప్పుడు, ఏ భాగము ముందున్నది, ఏది వెనుక దాగినది, వెలుగు ఎటనుండి పడుచున్నది అని ప్రతి చుక్కకును లెక్క వేయవలెను. లెక్క చిన్నదే. కాని ఇరువది లక్షల చుక్కలకు వేయవలెను.

ఇట్టి పనికి ప్రాసెసరు అంత తగినది కాదు. ప్రాసెసరు నిపుణుడైన మేస్త్రీ వంటిది. ఎట్టి క్లిష్టమైన పనినైనను ఒకదాని వెంట నొకటి చక్కబెట్టగలదు. కాని బండెడు వేరుసెనగ కాయలను ఒలుచుటకు మేస్త్రీ ఎందుకు? దానికి కావలసినవారు అనేకులు. అందరును ఒకే చిన్న పనిని ఒకేమారు చేయవలెను. అట్టి కూలిజనపు గుంపే గ్రాఫిక్స్ చిప్పు. మేము చూచిన ల్యాప్‌టాప్‌లో నున్నది ఇంటెల్ వారి ఎనిమిదవ తరము ప్రాసెసరు. ఆ తరము 2017లో వెలువడెను. దాని లోపలనే యూ.హెచ్.డి. 620 అను గ్రాఫిక్స్ భాగము కలదు. అందు 24 గుంపులు గలవు. ఒక్కొక్క గుంపు ఒకేమారు 8 లెక్కలు చేయగలదు. వెరసి 192. బల్లపై నుంచు కంప్యూటర్లలో వేయు జీటీఎక్స్ 1650 అను సామాన్యమైన ప్రత్యేక కార్డులో ఇట్టి లెక్కలు చేయు భాగములు 896.

కాబట్టి “గ్రాఫిక్స్ లేదు” అని అంగడివాడు చెప్పిన మాట సరికాదు. గ్రాఫిక్స్ లేనిచో తెరపై ఏమియు కనబడదు. గ్రాఫిక్స్ ఉన్నది, వేరుగా నున్న కార్డు మాత్రమే లేదు. ఈ రెంటికిని భేదము తెలియకపోవుటయే పొరపాటుకు మూలము.

కార్డు పోయెను, పేరు మిగిలెను

1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు వెలువడినప్పుడు తెరకు బొమ్మను పంపు పని ఒక ప్రత్యేక కార్డుది. దానిని మదర్‌బోర్డుపై నున్న గాడిలో గ్రుచ్చెడివారు. కావలసినప్పుడు తీసి, మంచిది వేసికొనుట సులభము. కార్డు అను మాట అప్పటినుండి వాడుకలో నిలిచినది.

1999లో రెండు త్రోవలు స్పష్టముగా కనబడినవి. ఎన్విడియా వారు జీఫోర్స్ 256 అను బలమైన కార్డును తెచ్చి, దానికి ‘జీపీయూ’ అను పేరును ప్రచారము చేసిరి. అదే యేట ఇంటెల్ వారు 810 అను చిప్పుల జతలో గ్రాఫిక్స్‌ను మదర్‌బోర్డు మీది చిప్పులోనే చేర్చిరి. మొదటి త్రోవ బలమునకు, రెండవ త్రోవ పొదుపునకు. ల్యాప్‌టాప్‌కు బరువు, వేడి, విద్యుత్తు తక్కువగా నుండవలెను గనుక వానిలో పెక్కు రెండవ త్రోవనే పట్టినవి. 2010 జనవరిలో ఇంటెల్ వారు గ్రాఫిక్స్‌ను ప్రాసెసరుతోపాటు ఒకే కప్పు క్రిందకు తెచ్చిరి. 2011 జనవరి నాటికి రెండును ఒకే సిలికాన్ బిళ్ళపై చెక్కబడినవి. ఏ.ఎం.డి. వారును 2011లోనే అట్టి ప్రాసెసర్లను వెలువరించిరి.

అనగా ఇట్టి ల్యాప్‌టాప్‌లో తీసివేయుటకు కార్డు లేదు. ఒకే రాతిలో చెక్కిన రెండు విగ్రహములలో ఒకదానిని మాత్రము పెకలించి, మరొకదానిని పెట్టుట ఎట్లు?

ఏల మార్చరాదు?

మొదటి కారణము చెప్పితిమి. గ్రాఫిక్స్ ప్రాసెసరులో భాగమే. ప్రాసెసరునే మార్చుదమన్నచో అదియు కుదరదు. మేము చూచిన తరగతి ప్రాసెసరు క్రింద 1,356 సన్నని తగరపు బిందువులు గలవు. వానితో అది మదర్‌బోర్డునకు అతుకబడియున్నది. అది తీసి వేయుటకు వీలైన అమరిక కాదు.

రెండవ కారణము స్థలము. బల్లపై నుంచు కంప్యూటరులో కార్డు గ్రుచ్చుటకు పొడవైన గాడి యుండును. ఈ ల్యాప్‌టాప్ మదర్‌బోర్డుపై అట్టి గాడి లేదు. తలుపే పెట్టని గోడకు తాళము కొన్నను ప్రయోజన మేమి?

మూడవది విద్యుత్తు, వేడి. ఈ ప్రాసెసరు, దానిలోని గ్రాఫిక్స్ కలిసి 15 వాట్ల లెక్కకు నిర్మింపబడినవి. పైన చెప్పిన జీటీఎక్స్ 1650 కార్డు ఒక్కటే 75 వాట్లు కోరును. ఇట్టి ల్యాప్‌టాప్‌ల ఛార్జరు సాధారణముగా 45 గాని 65 గాని వాట్లు ఇచ్చును. ఇచ్చు దానికంటె కోరునది ఎక్కువైనప్పుడు, ఆ వేడిని బయటికి పంపుటకు పెద్ద ఫ్యాను లేనప్పుడు, కార్డు ఉండియు పనిచేయజాలదు.

మినహాయింపులు లేవని మేము చెప్పము. 2004లో ఎన్విడియా వారు ఎమ్.ఎక్స్.ఎమ్. అను ఒక పద్ధతిని తెచ్చిరి. దానిని అనుసరించిన కొన్ని ఖరీదైన ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ పలకను విప్పి మార్చవచ్చును. 2024లో కొనువారి చేతికి వచ్చిన ఫ్రేమ్‌వర్క్ 16 అను ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ భాగమును తీసి వేయుటకు తగిన అమరిక కలదు. 2015లో వచ్చిన థండర్‌బోల్ట్ 3 అను మార్గము గల ల్యాప్‌టాప్‌లకు, బయట నొక పెట్టెలో కార్డు నుంచి తీగతో కలుపవచ్చును. కాని బల్ల కంప్యూటరులో కార్డుకు పదునారు దారులుండగా, ఈ తీగలో నాలుగే దారులు. పెట్టె వేరు, కార్డు వేరు కొనవలెను. మొదటినుండి అట్టి అమరికతో పుట్టిన యంత్రములకే ఇవి చెల్లును. మేము చూచిన దానికి ఈ మూడింటిలో ఏదియు లేదు.

ఒకే చెరువు, రెండు ఆయకట్టులు

మార్చుట కుదరనిచో, మెరుగుపరచుటయైన కుదురునా? ఇచ్చట చెరువు సంగతి అక్కరకు వచ్చును.

ప్రత్యేక కార్డు తన తోటలో తానే బావి త్రవ్వుకొన్న రైతు వంటిది. దాని మెమరీ దానికే. జీటీఎక్స్ 1650 తన బావినుండి సెకనుకు 12,800 కోట్ల బైట్లు తోడుకొనగలదు. ప్రాసెసరులో కలిసియున్న గ్రాఫిక్స్‌కు సొంత బావి లేదు. అది ప్రాసెసరుతోపాటు ఊరి చెరువునుండియే, అనగా ర్యామ్ అను పొత్తు మెమరీనుండియే, నీరు తెచ్చుకొనవలెను. ఇద్దరకును నీరు పంచు నీరుగంటి ప్రాసెసరులోనే యున్నాడు; అతనికి మెమరీ కంట్రోలరు అని పేరు.

ఇప్పుడు తూము లెక్క వేయుదము. ఈ ల్యాప్‌టాప్‌లోని ర్యామ్ డీడీఆర్4 రకము, వేగము 2,400. అనగా సెకనుకు 240 కోట్ల మారులు, మారునకు 8 బైట్ల వంతున అందించును. 240 కోట్లను 8చే హెచ్చించినచో 1,920 కోట్ల బైట్లు. ఇది ఒక తూము ఇచ్చు నీరు. ఆ నీరుగంటికి రెండు తూములు తెరచు శక్తి కలదు. రెండును తెరచినచో 3,840 కోట్లు. కాని రెండవ తూము తెరువవలెనన్నచో రెండవ ర్యామ్ పలక ఉండవలెను. మేము చూచిన ల్యాప్‌టాప్‌లో రెండు గాళ్ళున్నవి. ఒకదానిలో 4 జీబీ పలక యున్నది, రెండవది ఖాళీగా నున్నది.

చదువరులు గ్రహించియే యుందురు. పొలము ఎండుటకు పొలము తప్పు లేదు. ఒక తూము మూసియున్నది, అంతే.

ఇది తెలిసికొనుటకు పెట్టెను విప్పనక్కరలేదు. విండోస్ గల కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒక్కమారు నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. అందు పెర్ఫార్మెన్స్ అను పుటలో మెమరీ అను చోట, ఎన్ని గాళ్ళలో ఎన్ని నిండియున్నవో, వేగమెంతో వ్రాసియుండును. జీపీయూ అను చోట గ్రాఫిక్స్ పేరు కనబడును. మరియొక చోట ‘డెడికేటెడ్ మెమరీ 128 ఎమ్.బీ.’ అని కనబడినచో భయపడరాదు. అది ప్రారంభమున కేటాయించిన అల్ప భాగము మాత్రమే. పని పెరిగినకొలది గ్రాఫిక్స్ భాగము ర్యామ్‌లో సగము వరకు తీసికొనగలదు.

చేయదగిన పనులు

మేము ఒక నియమమును పాటించితిమి. ఒకేమారు అన్నియు మార్చక, ఒక్కొక్క మార్పు చేసి దాని ఫలమును చూచితిమి. రెండు ఎరువులు ఒకేనాడు చల్లినవాడు ఏ ఎరువునకు పైరు పెరిగెనో చెప్పలేడు గదా.

మొదట ఖర్చు లేని పనులు. ఫ్యాను ద్వారమున దుమ్ము పేరుకొనియుండెను. దానిని శుభ్రము చేసితిమి. వేడి మితిమీరినచో ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. కనుక ఇది చిన్న పని కాదు. పిదప గ్రాఫిక్స్‌కు సంబంధించిన డ్రైవరును తయారీదారు ఇచ్చిన చోటినుండి క్రొత్తది చేర్చితిమి. బొమ్మ గీయునప్పుడు ఛార్జరు తగిలించియుండవలెనని విద్యార్థినికి చెప్పితిమి. తెరపై చుక్కలను 1,280, 720 లెక్కకు తగ్గించినచో మొత్తము 9,21,600 అగును. అనగా పని రెండుంబావు వంతులు తగ్గును. గీత కొంత ముతకగా కనబడును గాని, బొమ్మను త్రిప్పి చూచుటకు అది చాలును.

రెండవది రెండవ తూము. మొదటి దానికి సరిజోడైన 4 జీబీ, 2,400 వేగము గల పలకను కొని, ఖాళీ గాడిలో అమర్చితిమి. ఈ పనికి ముందు ఛార్జరును తీసివేసి, బ్యాటరీ తీగను విడదీసి, లోహమును తాకి ఒంటి మీది స్థిర విద్యుత్తును పోగొట్టుకొనవలెను. అమర్చిన పిదప అదే బొమ్మను త్రిప్పి చూచితిమి. మునుపు ఆగి ఆగి తిరిగినది, ఈమారు చెప్పుకొనదగినంత సాఫీగా తిరిగెను. విద్యార్థిని ముఖము వికసించినది.

మూడవది, పాత హార్డ్ డిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. వేసితిమి. దీనితో కంప్యూటరు తెరచుకొనుట, ఫైళ్ళు తెరచుకొనుట త్వరితమయ్యెను. కాని బొమ్మ తిరుగు వేగము మారలేదు. ఎస్.ఎస్.డి. ధాన్యపు కొట్టు వంటిది. తూముతో దానికి సంబంధము లేదు. ఈ భేదమును మేము చెప్పగలుగుట, ఒక్కొక్కటిగా మార్చినందువలననే.

ఈ రెండు వస్తువులకును ఆనాడు అయిన ఖర్చు నాలుగు వేల లోపే. ధరలు మారుచుండును గనుక కొనువారు ఆనాటి వెలను విచారించుకొనవలెను. బెంగుళూరు ఎస్.పి. రోడ్డు వంటిచోట నాలుగైదు అంగళ్ళలో అడిగినచో వెల తెలియును. కొనుటకు ముందు ర్యామ్ రకమును, వేగమును, గాడి ఖాళీని కాగితముపై వ్రాసికొని పోవలెను. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ కూడ అతుకబడియే యుండును. అట్టివానికి ఈ ఉపాయము చెల్లదు.

ఫలితము

ల్యాప్‌టాప్ బలమైన కార్డు గల యంత్రము కాలేదు. రెండు తూములు తెరచినను 3,840 కోట్లే. సొంత బావి గలదానికి 12,800 కోట్లు. వందల భాగములు గల పెద్ద యంత్రపు బొమ్మను తెరచినచో ఆమె ల్యాప్‌టాప్ నేటికిని తడబడును. అట్టి పనిని ఆమె కళాశాల ప్రయోగశాలలో చేసికొనుచు, చిన్న భాగములను ఇంట గీచుకొనుచున్నది. మిగిలిన సొమ్ముతో హాస్టలు రుసుము చెల్లెను. తండ్రి మరల వచ్చినప్పుడు, “తూము తెరిస్తే సరిపోయె, కొత్త చెరువు తవ్వమనిరి గదా అయ్యవారూ!” అని నవ్వెను. మేము చెప్పిన పాఠము ఆయన మాటలో మాకంటె క్లుప్తముగా నున్నది.

అంగడివాడు మోసగింప దలచెనో, తానే పొరబడెనో మేమెరుగము. ఎవరి తప్పైనను నష్టపోవువారు తెలియనివారే. మన పిల్లలకు ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, యంత్రము మొగముపై ఇంగ్లీషు. మూడును రావలసినవే. కాని ఒక విషయము తన ఇంటి మాటలో తెలిసినవాడు మిగిలిన రెండు భాషలలో జంకక ప్రశ్న వేయగలడు. ఆ విద్యార్థినికి తూము తెలియును, నీరుగంటి తెలియును. ర్యామ్ కూడ అట్టిదేనని ఆమెకు ఎవరును చెప్పలేదు. ఆ లోపము మా ఉపాధ్యాయులదే. ఈ పాఠము దానిని కొంత తీర్చునని ఆశించుచున్నాము.

చిక్కబళ్ళాపురమునకు సమీపముననే ముద్దేనహళ్ళి కలదు. అచ్చట పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1903లో పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయమునకు తామే రూపొందించిన స్వయంచాలకమైన తలుపులను అమర్పించిరి. ఆనకట్ట ఎత్తును పెంచకయే అందు ఎక్కువ నీరు నిలిచెను. ఉన్నదానిని కూల్చి క్రొత్తది కట్టుటకు ముందు, ఉన్నదానిలో మూసియున్న శక్తి ఏదో చూచుట ఇంజనీరు లక్షణము. ఆయన పుట్టిన సీమలో చదువుకొను పిల్లలకు అది అలవడవలెను.

అభ్యాసము

1. ఒక తెరపై అడ్డముగా 1,366, నిలువుగా 768 చుక్కలున్నవి. చుక్కకు 4 బైట్లు, సెకనుకు 60 మారులు అయినచో సెకనుకు ఎన్ని బైట్లు కావలెను?

2. ర్యామ్ వేగము 3,200 అయినచో ఒక తూము సెకనుకు ఎన్ని బైట్లు ఇచ్చును? రెండు తూములు ఎన్ని?

3. మీ యింటగాని, పాఠశాలలోగాని ఉన్న కంప్యూటరులో ర్యామ్ గాళ్ళు ఎన్ని నిండియున్నవో చూచి వ్రాయుడు.

4. ప్రత్యేక కార్డునకును, ప్రాసెసరులో కలిసిన గ్రాఫిక్స్‌కును గల భేదమును మీ యింటి పెద్దలకు చెప్పుడు. వారడిగిన ప్రశ్నలలో మీరు జవాబు చెప్పలేనివానిని వ్రాసి తరగతికి తెండు.